పడుకొన్న సర్వరును నిలబెట్టుట ఎట్లు?

తెనాలిలో ఇనుప తుక్కుతో విగ్రహములు చేయు శిల్పులు ఉన్నారు. పాత మోటారు బండ్ల గేరు చక్రములు, గొలుసులు, నట్లు, బోల్టులు ఏరి, ఒకదానికొకటి వెల్డింగు చేసి నిలువెత్తు మనుష్యులను నిలబెట్టుదురు. అక్కడ నట్టు నట్టుగా పనిచేయనక్కరలేదు. కనుగ్రుడ్డుగా కనబడిన చాలును. పాత సర్వరును విప్పి మరియొక ఆకారములో అమర్చువారికి ఈ స్వేచ్ఛ లేదు. దానిలోని ప్రతి రేకు, ప్రతి సందు ఏదో ఒక పని చేయుచున్నది. ఆ పని ఏదో తెలియక తీసివేసినచో యంత్రము చెడును; ఒక్కొక్కప్పుడు మనిషికే ప్రమాదము కలుగును.

సర్వరు అనగా పలు కంప్యూటర్లు అడిగినవానిని అందించుచు రాత్రింబగళ్ళు మేలుకొని యుండు కంప్యూటరు. పెద్ద కంపెనీలు వీనిని కొన్నియేండ్లు వాడి, క్రొత్తవి కొనునపుడు పాతవానిని అమ్మివేయును. అవి చాలవరకు బాగుగనే పనిచేయుచుండును; వెలయు తక్కువ. అట్టి యంత్రమొకటి తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఒక హైస్కూలుకు చేరినదనుకొందము. మార్కుల పట్టికలు, గ్రంథాలయపు జాబితా, పాఠముల వీడియోలు దానిలో ఉంచి తరగతి గదులలోని కంప్యూటర్లన్నిటికి అందింపవచ్చును. ఆలోచన మంచిదే. కాని దానిని బల్లమీద పెట్టి మీట నొక్కగానే మొదట ఈలవలె, పిమ్మట గాలివాన హోరువలె చప్పుడు బయలుదేరును. ప్రక్కగదిలో పాఠము సాగదు. పైగా దాని పొడవు చాలవరకు 70 సెంటీమీటర్ల ప్రాంతమున ఉండును కనుక బల్ల అంచు దాటి పొడుచుకొని వచ్చును. దీనిని మామూలు కంప్యూటరు టవరువలె నిలువుగా చేయరాదా అని ఎవరికైనను తోచును. చేయవచ్చును. ప్రమాదము లేకుండ ఎట్లు చేయవలెనో చూతము.

ర్యాకు అను ఇనుప చట్రము

సర్వరు పడుకొని యుండుటకు కారణము అది పుట్టిన ఇల్లు. 1920 దశకములో అమెరికా టెలిఫోను కంపెనీ తన పరికరములను బిగించుటకు 19 అంగుళముల వెడల్పుగల ఇనుప చట్రమును ప్రమాణముగా పెట్టుకొన్నది. నేటికిని ఆ కొలత మారలేదు. సర్వరు ముందురేకు వెడల్పు 19 అంగుళములు, అనగా 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును మాత్రము యూనిట్లలో చెప్పుదురు. ఒక యూనిట్ అంగుళమున్ముప్పాతిక, అనగా 44.45 మిల్లీమీటర్లు. మన పాఠ్యపుస్తకములు రెండుమూడు దొంతిగా పెట్టినంత ఎత్తు! ఆ ఎత్తులో రెండు ప్రాసెసర్లు, పదిపదిహేను జ్ఞాపక పలకలు, డిస్కులు, విద్యుత్తు పెట్టెలు ఇమిడి యుండవలెను. రెండు యూనిట్ల ఎత్తుగల సర్వర్లు ఎక్కువ వాడుకలో ఉన్నవి. మనకు దొరకునదియు చాలవరకు అట్టిదే.

మూత తీసి చూచినచో లోపలి అమరిక ఒక క్రమములో ఉండును. ముందు వరుసలో డిస్కులు. వాని వెనుక అడ్డముగా ఒక ఫ్యానుల వరుస. ఆ వెనుక నల్లని ప్లాస్టికు గొట్టము వంటి తొడుగు, దాని క్రింద ప్రాసెసర్లు. చిట్టచివర కార్డులు, పవర్‌సప్లయి. గాలి ముందునుండి ప్రవేశించి వెనుకనుండి వెలుపలికి పోవును.

ఆ నల్లని తొడుగును పనికిమాలిన మూత అనుకొని ఊడదీసి పారవేయువారు కలరు. అది కాలువ గట్టు వంటిది. గట్టు తెగినచో నీరు పల్లమును వెదకుకొని పోవును గాని పొలమునకు రాదు. రేపల్లె వైపు చివరి ఆయకట్టు రైతులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. గాలియు అంతే. ప్రాసెసరు మీది హీట్ సింకు రేకులు చాల దగ్గరదగ్గరగా ఉండును. వాని నడుమ దూరిపోవుటకంటె ప్రక్కనున్న ఖాళీలోనుండి జారిపోవుట గాలికి సులభము. తొడుగు ఆ సులభమైన దారిని మూసి, గాలిని రేకుల నడుమకు త్రోయుచున్నది. కనుక ఈ యంత్రములో పెట్టెయు యంత్రభాగమే. మార్పు చేయువాడు మొదట గుర్తుంచుకొనవలసినది ఇది.

ఎంత గాలి కావలెను?

ఇది తరగతిలో చేయదగిన లెక్క. సర్వరు 300 వాట్ల విద్యుత్తు తీసికొనుచున్నదనుకొందము. అది బరువులు ఎత్తదు, నీరు తోడదు. కావున తీసికొన్నదంతయు తుదకు ఉష్ణముగనే మారును. అనగా సెకనుకు 300 జౌళ్ళ ఉష్ణము. మన వేసవిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 1.15 కిలోగ్రాములు తూగును. ఒక కిలోగ్రాము గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 1005 జౌళ్ళు కావలెను. లోపలికి పోయిన గాలి 15 డిగ్రీలు వేడెక్కి బయటికి వచ్చుటకు మనము అంగీకరించినచో, ఘనమీటరు గాలి మోసికొనిపోవు ఉష్ణము 1.15 × 1005 × 15, అనగా రమారమి 17,300 జౌళ్ళు. 300ను 17,300తో భాగింపగా వచ్చునది 0.0173 ఘనమీటరు, అనగా 17 లీటర్లు. ప్రతి సెకనుకు ఒక పెద్ద బిందెడు గాలి ఆ ఇరుకు సందులలోనుండి పోవలెనన్నమాట.

ఒక యూనిట్ ఎత్తులో 40 మిల్లీమీటర్ల వ్యాసముగల ఫ్యానులు మాత్రమే పట్టును. అంత చిన్న ఫ్యాను అంత గాలిని త్రోయవలెనన్న నిమిషమునకు పదివేల చుట్లకు పైగా తిరుగవలెను. హోరునకు కారణము అదియే. రెండు యూనిట్ల సర్వరులో కొంచెము పెద్ద ఫ్యానులు పట్టును గాని వానిదియు ఇదే కథ. టవరు పెట్టెలో 120 మిల్లీమీటర్ల ఫ్యాను పట్టును. వ్యాసము మూడింతలైనచో వైశాల్యము తొమ్మిదింతలగును. అది మెల్లగా తిరిగినను అంతే గాలిని తేగలదు. ఇక ఫ్యానుల విషయములో ఒక చక్కని నియమమున్నది: వేగమును సగము చేసినచో గాలి సగమగును, ఒత్తిడి నాలుగవ వంతగును, పీల్చుకొను విద్యుత్తు ఎనిమిదవ వంతగును. చప్పుడు కూడ బాగుగ తగ్గును.

ఇక్కడనే పలువురు మోసపోవుదురు. "గాలి అంతే వచ్చుచున్నది కదా" అని చిన్న ఫ్యానులు తీసి పెద్ద ఫ్యానులు పెట్టి, హీట్ సింకును మాత్రము పాతదానినే ఉంచుదురు. నియమములోని రెండవ మాట మరచినారు: ఒత్తిడి. చిన్న ఫ్యాను హోరెత్తుచు తిరుగునది ఆ ఒత్తిడి కొరకే. పెద్ద ఫ్యాను గాలి మెత్తనిది. దగ్గరదగ్గర రేకులు ఎదురైనచో ప్రక్కకు తప్పుకొనును. ఫలితముగా పెట్టెలో చల్లగా గాలి ఆడుచుండగనే ప్రాసెసరు మాడిపోవునంత వేడెక్కును. కాబట్టి పెద్ద ఫ్యానులు పెట్టదలచినవారు హీట్ సింకును కూడ మార్చి, దానిమీదనే స్వంత ఫ్యాను ఉన్నదానిని బిగింపవలెను. కొనబోవునపుడు ప్రాసెసరు గద్దె కొలత చూడుడు. ఇంటెల్ వారి 2011 కాళ్ళ గద్దెలలో చతురస్రముగా ఉన్నది ఒకటి, సన్నగా నిడుపుగా ఉన్నది మరియొకటి. మొదటిదాని రంధ్రములు 80 × 80 మిల్లీమీటర్లు. రెండవదానివి 56 × 94. ఒకదాని హీట్ సింకు రెండవదానికి పట్టదు.

ప్రాసెసరు ఒక్కటి చల్లబడిన చాలదు. జ్ఞాపక పలకలు, ప్రాసెసరుకు విద్యుత్తు నందించు చిన్న భాగములు, డిస్కులను నడపు కార్డు, ఇవన్నియు ఆ గాలిమీదనే ఆధారపడి బ్రతుకుచున్నవి. డిస్కు కార్డులకు నిమిషమునకు 200 అడుగుల వేగముతో గాలి తగులవలెనని తయారీదారులు వ్రాయుట పరిపాటి. మామూలు టవరులో ఆ మూల గాలి కదలదు. అక్కడకు ఒక చిన్న ఫ్యాను ప్రత్యేకముగా పెట్టవలెను.

ఏ దారి ఎన్నుకొనవలెను?

కొన్ని సర్వర్లను తయారీదారులే రెండు విధముల వాడుటకు వీలుగా చేసినారు. డెల్ పవర్‌ఎడ్జ్ టి640, హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రొలయంట్ ఎంఎల్350 అట్టివి. వానిని ర్యాకునుండి తీసి, ప్రక్కల పట్టాలు విప్పి, క్రింద కాళ్ళు బిగించినచో టవరగును. మీకు దొరికినది ఆ రకమైనచో ఆ కాళ్ళు సంపాదించుటకే ప్రయత్నింపుడు.

అట్లు కానిచో రెండు దారులున్నవి. పెట్టెను ఏమియు మార్చక, ఉన్నదున్నట్లుగా ప్రక్కకు త్రిప్పి పీటమీద నిలబెట్టుట ఒకటి. లోపలి మదర్‌బోర్డును తీసి టవరు పెట్టెలో బిగించుట మరియొకటి. రెండవదానికి పూనుకొనుటకు ముందు బోర్డును కొలువవలెను. సర్వరు బోర్డులలో 12 × 13 అంగుళముల ప్రమాణము ఒకటి కలదు. దానికి తగిన పెద్ద టవర్లు దొరకును. మామూలు కంప్యూటరు బోర్డు 12 × 9.6 అంగుళములే. ఇక కంపెనీలు తమ స్వంత కొలతలతో, మూలలు కోసి, చిత్రమైన ఆకారములలో చేసిన బోర్డులు కలవు. వాని రంధ్రములు ఏ పెట్టెకును సరిపడవు. విద్యుత్తు కనెక్టరును వేరుగా ఉండును. అట్టివానిని బలవంతముగా పెట్టెలో దూర్చబోవుట నా అభిప్రాయములో వృథాశ్రమ. వానికి మొదటి దారియే మేలు. చప్పుడు తగ్గదు, నిజమే. దానిని వరండా చివర గదిలో పెట్టి తీగ లాగుకొన్నచో ఆ బాధయు తీరును.

పడిపోకుండ నిలుచుట

ప్రక్కకు త్రిప్పి నిలబెట్టినపుడు రెండు యూనిట్ల సర్వరు 44 సెంటీమీటర్ల ఎత్తున, కేవలము 8.7 సెంటీమీటర్ల మందమున నిలుచును. డిస్కులతో నిండినచో దాని బరువు 25, 30 కిలోగ్రాములుండును. గరిమనాభి నడిమధ్య, 22 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. ఒరిగినపుడు గరిమనాభినుండి దించిన లంబరేఖ అడుగుభాగపు అంచు దాటగనే వస్తువు పడిపోవునని చదువుకొన్నాము. ఆ కోణపు టాంజెంటు 4.35ను 22తో భాగింపగా వచ్చును. కోణము సుమారు 11 డిగ్రీలు. విద్యుత్ పరికరముల భద్రతా ప్రమాణములలో నిలువునుండి 10 డిగ్రీలు వంచినను పడరాదను పరీక్ష ఉన్నది. మన సర్వరు ఆ పరీక్షలో అంచుమీద గట్టెక్కినది. ఒక యూనిట్ సర్వరైనచో కోణము ఆరు డిగ్రీలకు లోపు, అది తప్పినట్లే. విరామపు గంట కొట్టగానే పరుగెత్తు పిల్లలున్నచోట 11 డిగ్రీలు నమ్మదగిన సంఖ్య కాదు.

అడుగున 25 సెంటీమీటర్ల వెడల్పుగల పీటను బోల్టులతో బిగించినచో కోణము దాదాపు 30 డిగ్రీలకు పెరుగును. వడ్రంగి చేసిన గట్టి చెక్కపీటయైనను, కమ్మరి చేసిన ఇనుప కోణపు చట్రమైనను సరే. బోల్టులకు పెట్టెలో క్రొత్త రంధ్రములు చేయవలసివచ్చినచో, ముందు బోర్డులన్నియు వెలుపలికి తీయవలెను. బెజ్జము వేసినపుడు రాలు సన్నని ఇనుపరజను ఒక్క రేణువైనను బోర్డుమీద పడినచో రెండు తీగలను కలుపును. పవర్‌సప్లయి ఉన్న ప్రక్క క్రిందికి వచ్చునట్లు త్రిప్పినచో బరువు దిగువకు చేరి నిలకడ ఇంకను పెరుగును. అయితే ఆ ప్రక్కన గాలి రంధ్రములున్నవేమో ముందుగా చూచుకొనుడు. డిస్కులు పక్కకు త్రిప్పినందువలన చెడవు. వాలుగా, ఊగులాడునట్లు మాత్రము ఉండరాదు. ఎత్తుట, దించుట ఇద్దరు పెద్దవాండ్లు చేయవలెను. డిస్కులను, పవర్‌సప్లయిలను ముందుగా తీసి వేరుగా మోసిన బరువు సగమునకు దిగును.

విద్యుత్తు విషయము

మూత తీయుటకు ముందు ఈ భాగమును రెండుసార్లు చదువవలెనని ఉపాధ్యాయులను కోరుచున్నాను.

సర్వరుకు సాధారణముగా రెండు పవర్‌సప్లయిలు, రెండు తీగలు ఉండును. ఒకటి పోయినను రెండవది నడపుటకు. ఒక తీగను లాగి "ఆపివేసితిమి" అనుకొన్నచో యంత్రము ఇంకను బ్రతికియే యున్నది. మీట నొక్కి ఆపినను అంతే; లోపల కావలి కాయు చిన్న కంప్యూటరొకటి తీగ ఉన్నంతసేపు పనిచేయుచునే యుండును. కనుక రెండు తీగలను గోడనుండి లాగి, వాని కొనలు కంటికి కనబడునట్లు బల్లమీద పెట్టుడు. తరువాత ఒకసారి మీట నొక్కి, కొన్ని నిమిషములు ఆగుడు.

పవర్‌సప్లయి పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. మన ఇండ్లలోని 230 వోల్టుల విద్యుత్తు శిఖరము 325 వోల్టులు. పవర్‌సప్లయి దానిని ఇంకను పెంచి, 390 వోల్టుల ప్రాంతమున ఒక పెద్ద కెపాసిటరులో నిలువచేయును. 470 మైక్రోఫారడుల కెపాసిటరు 390 వోల్టుల వద్ద దాచు శక్తి సుమారు 36 జౌళ్ళు. ఒక కిలోగ్రాము బరువును మూడున్నర మీటర్లకు పైగా ఎత్తుటకు చాలునంత. తీగ లాగినపిమ్మట కూడ అది అచట కొంతసేపు ఉండవచ్చును. చేయి తగిలిన ప్రాణమునకే ముప్పు.

పవర్‌సప్లయి నుండి వెలువడునది 12 వోల్టులే కదా అని కొందరు ధైర్యపడుదురు. 12 వోల్టులు కొట్టదు, నిజమే, కాని కాల్చును. 750 వాట్ల పవర్‌సప్లయి 12 వోల్టుల వద్ద 62 ఆంపియర్ల పైచిలుకు ప్రవాహము నీయగలదు. చేతిలోని బంగారపు గాజుగాని, ఉంగరముగాని రెండు కొనలను కలిపినచో క్షణములో ఎర్రగా కాగును. పనికి కూర్చుండునపుడు ఉంగరములు, గాజులు, గడియారము తీసి ప్రక్కన పెట్టవలెను. సర్వరు పవర్‌సప్లయి అంచునకు తీగలు అతికి ఇతర బోర్డులను నడపు ప్రయోగములు పాఠశాలకు తగవు.

టవరుకు మామూలు పవర్‌సప్లయి వాడునపుడు మరియొక చిక్కు ఉన్నది. ప్రాసెసరుకు పోవు ఎనిమిది కాళ్ళ కనెక్టరు, చిత్రముల కార్డుకు పోవు ఎనిమిది కాళ్ళ కనెక్టరు చూపునకు కవలలు. కాని ఒకదానిలో 12 వోల్టులున్న వరుసలో రెండవదానిలో భూమి తీగలుండును. వాని ప్లాస్టికు ఆకారములోని స్వల్పభేదమే మనకు రక్ష. దూరనిదానిని ఒత్తి దూర్చరాదు. అట్లే ఒక కంపెనీ పవర్‌సప్లయి తీగలను మరియొక కంపెనీ పవర్‌సప్లయికి తగిలింపరాదు. బోర్డు వైపు కొన ఒకే విధముగా ఉన్నను, పవర్‌సప్లయి వైపు కొనలో తీగల వరుసకు ప్రమాణము లేదు. డిస్కులన్నియు ఒకేసారి కాలిపోవుటకు ఇది చాలును.

ఇక ఎర్తు. పవర్‌సప్లయి ముఖద్వారమున, విద్యుత్తులోని చికాకులను వడపోయుటకై, రెండు తీగలనుండి ఇనుప పెట్టెకు చిన్న కెపాసిటర్లు కలిపియుండును. ఎర్తు సరిగా ఉన్నచో వానిగుండా పోవు స్వల్పప్రవాహము భూమిలోనికి దిగును. ఎర్తు లేనిచో పెట్టె దాదాపు 115 వోల్టులకు తేలును. తాకినవారికి చేయి జివ్వుమనును. ప్రవాహము స్వల్పమే గాని, రెండు పవర్‌సప్లయిలున్నచోట రెట్టింపగును. వానకాలమున తడి సిమెంటు నేలమీద వట్టికాళ్ళతో నిలిచినవానికి అది చాలును. పైగా పవర్‌సప్లయి లోపల తీగ ఊడి పెట్టెకు తగిలిననాడు ఎర్తు ఒక్కటే రక్షించును. ర్యాకులోనున్నప్పుడు ఆ ఇనుప చట్రము కూడ ఎర్తుకు కలిపి యుండెడిది. బల్లమీదికి వచ్చునప్పటికి తీగలోని మూడవ కాలే దిక్కు. రెండు కాళ్ళ ప్లగ్గులో దూర్చుటకు ఆ మూడవ కాలు విరిచివేయుట నేరముతో సమానము. సాకెట్టులో ఎర్తు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయింపుడు. ఎర్తు గుంతలో వేసవియందు నీరు పోయుట మరువవద్దు.

చెమ్మ, స్థిరవిద్యుత్తు

చల్లని మజ్జిగ గ్లాసు వెలుపల నీటిచుక్కలు చేరుట అందరు చూచినదే. ఏసీ గదిలో 20 డిగ్రీల వద్దనున్న సర్వరును తెచ్చి బాపట్ల వంటి తీరపు ఊరిలో వరండాలో దించినచో సరిగా ఇదే జరుగును. గాలి 32 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 75 శాతము ఉన్ననాడు మంచు బిందువు 27 డిగ్రీలు. అంతకన్న చల్లనైన ప్రతి లోహముమీద నీరు చేరును. మూతలోపల చేరినది కనబడదు. కనుక తెచ్చినవెంటనే విద్యుత్తు పెట్టరాదు. ప్లాస్టికు సంచిలో మూటగట్టి, గది వేడికి వచ్చువరకు, కనీసము కొన్ని గంటలు విడిచిపెట్టవలెను.

చెమ్మవలన ఒక మేలున్నది: స్థిరవిద్యుత్తు అంతగా పోగుపడదు. అయినను ఉపేక్షింపరాదు. చేతికి చురుక్కుమని తెలియుటకు దాదాపు 3,000 వోల్టులు కావలెను. సున్నితమైన భాగము అందులో పదవవంతుకే చెడును. మనకు తెలియకయే చంపివేయుదుమన్నమాట. మణికట్టు పట్టీ ధరించి దానిని ఇనుప పెట్టెకు తగిలింపుడు. ఆ పట్టీలో ఒక మెగోము నిరోధకముండును. ఎందుకనగా, పొరపాటున 230 వోల్టులు తగిలినను ఓము నియమము ప్రకారము 0.23 మిల్లీఆంపియరుకంటె ఎక్కువ ఒంటిలోనుండి పోకుండుటకు. విద్యార్థులకు ఈ పట్టీని చేతికిచ్చి లెక్క వేయింపవచ్చును.

విప్పుట, బిగించుట

అన్నిటికంటె ముందు, డిస్కులలోని సమాచారమునకు మరియొకచోట నకలు తీయవలెను. తరువాత ఏ గూటిలో ఏ డిస్కు ఉన్నదో కాగితపుముక్కలపై సంఖ్యలు వ్రాసి అంటింపుడు. పలు డిస్కులను ఒకటిగా కలిపి నడపు పద్ధతిలో సమాచారము ముక్కలుగా పరచియుండును. క్రొత్త చోట బిగించినపిమ్మట కార్డు "పరాయి అమరిక కనబడినది, ఏమి చేయుదును?" అని అడుగవచ్చును. స్వీకరింపుమని చెప్పవలెనే గాని, తుడిచివేయుమనిగాని, క్రొత్తగా ప్రారంభింపుమనిగాని చెప్పరాదు. మూడు సంవత్సరముల మార్కుల పట్టికలు పోవుటకు ఆ ఒక్క మీట చాలును.

బోర్డును టవరులోనికి మార్చువారు దాని క్రింది ఇత్తడి కాళ్ళను లెక్కింపవలెను. బోర్డుకు రంధ్రమున్న చోటనే కాలు ఉండవలెను. రంధ్రము లేనిచోట మిగిలిపోయిన ఒక్క కాలు బోర్డు అడుగున తగిలి, తీగలను కలిపి, మొదటిసారి మీట నొక్కినప్పుడే కథ ముగించును. గాలి తొడుగు కావలసినచోట ముందు అట్టతో కత్తిరించి కొలత చూచుకొని, పిమ్మట మంట సులభముగ అంటుకొనని పాలికార్బొనేటు రేకుతో చేయవలెను. అట్టను అట్లే ఉంచరాదు.

ఫ్యానులు మార్చినపుడు ఒక వింత జరుగును. లోపలి కావలి కంప్యూటరు పెద్ద ఫ్యాను మెల్లని వేగమును చూచి, ఫ్యాను చెడినదని భ్రమించి, అన్నిటిని పూర్తివేగమున త్రిప్పును. వేగము పెరుగగనే "బాగైనది" అని తగ్గించును. తగ్గగనే మరల బెదరును. ఉచ్ఛ్వాసనిశ్వాసములవలె హోరు పెరుగుచు తగ్గుచునుండును. ఆ కంప్యూటరులో కనీసవేగపు హద్దును తగ్గించినచో ఇది మానును. హెచ్చరికను పూర్తిగా ఆపివేయుట తగదు. నిజముగా ఫ్యాను ఆగిననాడు చెప్పువారుండరు.

మొదటిసారి నడుపునపుడు మూత బిగించియే నడుపవలెను. మూత తీసిన చల్లగా ఉండునని తోచును గాని గాలిదారి తెగును. ముందు వైపు సన్నని దారపు పోగు పట్టుకొన్నచో లోపలికి లాగబడవలెను. వెనుక వెలుపలికి ఎగురవలెను. కొందరు అగరువత్తి పొగతో చూతురు. ఆ మసి లోపల అంటుకొనును, నాకది నచ్చదు. ఒక గంటసేపు పూర్తిపని పెట్టి, ప్రాసెసరు, జ్ఞాపక పలకలు, డిస్కుల ఉష్ణోగ్రతలను ఐదేసి నిమిషములకు వ్రాసికొని గ్రాఫు గీయుడు. గీత వంగి చదునైనచో మంచిది. గంట గడచినను పైకే పోవుచున్నచో గాలి చాలలేదన్నమాట.

ఈ పరీక్ష డిసెంబరులో నెగ్గినంతమాత్రమున మే నెలలో నెగ్గినట్లు కాదు. సర్వర్లలో చాలవానికి లోపలికి పోవు గాలి 35 డిగ్రీలు మించరాదని హద్దు ఉన్నది. తెనాలిలోగాని రేపల్లెలోగాని మే మధ్యాహ్నము పెంకుటిగదిలో 40 డిగ్రీలు దాటుట వింతగాదు. అప్పుడు ఎంత నేర్పుగా గాలిదారి వేసినను ప్రయోజనము లేదు. వేడిగాలితో వేడివస్తువు ఎంతని చల్లబడును? వేసవిలో దానిని ఉదయము, రాత్రి నడిపి మధ్యాహ్నము ఆపుట మేలు. ఎట్లును సెలవులే కదా.

బాపట్లకు సముద్రము సుమారు తొమ్మిది కిలోమీటర్లే. గాలిలో వచ్చు ఉప్పురేణువులు బోర్డుమీద పేరుకొనును. ఆర్ద్రత 75 శాతము దాటగనే మామూలు ఉప్పు గాలినుండి నీరు పీల్చుకొని ద్రవమగును. ఆ ద్రవము విద్యుద్వాహకము, రాగిని తినివేయును. గాలి ప్రవేశించుచోట నురుగు వడపోత పెట్టి, నెలకొకసారి కడిగి ఆరబెట్టవలెను. వడపోత మూసికొన్నచో గాలి తగ్గును కనుక దానిని మరచుట పెట్టకపోవుటకంటె చెడ్డది. వెనుక ఖాళీ గూళ్ళకు రేకులు బిగింపుడు. బల్లులు, ఎలుకలు వెచ్చదనము వెదకుకొని వచ్చును.

తుపాను హెచ్చరిక వచ్చిననాడు చేయవలసినది వేరు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. అట్టి సమయమున సర్వరును క్రమముగా ఆపి, రెండు విద్యుత్ తీగలతోబాటు నెట్‌వర్కు తీగను కూడ ఊడదీయవలెను. పిడుగు ఏ తీగవెంట వచ్చునో చెప్పలేము. నేలమీది టవరును బల్లమీదికి ఎత్తి, ఈసారి మాత్రము మరల ప్రక్కకు పడుకోబెట్టి, పైన టార్పాలిను కప్పవలెను. విద్యుత్తు తిరిగివచ్చిన మొదటి గంటలలో వోల్టేజి నిలకడగా ఉండదు. లోపలి తడి ఆరినదని మూత తీసి చూచుకొనినపిమ్మటనే, మరునాడు, ముందుగా ఒక తీగను, ఆ తరువాత రెండవదానిని తగిలింపుడు.